పావు తెచ్చిన పేచీ

బేకరీలో ఏళ్ల తరబడి కేకులు చేసిన పాత మాస్టరు మోకాళ్లు సహకరించక పని మానేస్తూ, తన నోటు పుస్తకాన్ని యజమానురాలి చేతిలో పెట్టి వెళ్లాడు. అందులో అన్నీ పావులే. మైదా రెండు పావులు, చక్కెర పావు, నూనె అర పావు. దేంట్లో పావో రాయలేదు. ఆయనకి తెలుసు కదా, ఇంకెవరికి కావాలి!

ఆయన చోటికి వచ్చిన పెద్దమనిషికి ఫ్రేము కట్టించుకున్న డిప్లొమా ఉంది. పనివాళ్లు చాటుగా డిప్లొమా బాబు అనేవారు. పుస్తకం తెరిచీ తెరవగానే పావంటే పావు కిలో అని తీర్పు చెప్పేశాడు. ఆ తీర్పు ప్రకారం కాలిన కేకులు తలుపు గాలికి కొట్టుకోకుండా అడ్డం పెట్టడానికి బ్రహ్మాండంగా పనికొచ్చాయి.

నింద మాత్రం కొత్తగా చేరిన పిల్లతల్లి మీద పడింది. చదివింది ఏడో తరగతి, అంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

"చూడమ్మా, నీకు కలపడం రావట్లేదు. సాయంత్రం ఓనరు మేడమ్ వస్తారు. ఇప్పుడు కూడా ఇలాగే తగలడితే రేపట్నుంచి ఇంట్లో కూర్చుని పిల్లని ఆడించుకో" అన్నాడు డిప్లొమా బాబు.

ఆమె చంటిదాన్ని ఆడపడుచుకి అప్పగించి వస్తోంది. మధ్యలో పరుగున వెళ్లి పాలు పట్టి రాగలిగేంత దగ్గరలో పని మళ్లీ దొరకదు.

ఉత్త పిరికిది. అయితే ఆ పిరికితనమే ఆమెకి చదువు చెప్పింది. పాపకి కలిపే పాలపొడి ఎక్కువైతే ఏమవుతుందో, తక్కువైతే ఏమవుతుందో అని వణికి, ఒకసారి డబ్బాలోని చెంచా పట్టుకుని కిరాణా కొట్టు కాటా దగ్గరికి వెళ్లింది. చెంచాడు పొడి నాలుగున్నర గ్రాములు తూగింది. చెంచాడు నీళ్లు తొమ్మిది. "రేపు పాప నవ్వు కూడా తూయించుకుంటావా అక్కా?" అన్నాడు కొట్టువాడు.

ఇప్పుడామె అలమర వెతికి పాత మాస్టరు స్టీలు కప్పు తీసింది. నీళ్లు పోసి చూస్తే సరిగ్గా పావు లీటరు.

"సార్... పావంటే ఈ కప్పేమో. ఇందులో మైదా నూట ముప్పై గ్రాములే పడుతోంది."

"కిలో మైదా బరువా, కిలో చక్కెర బరువా చెప్పు?"

"కిలో అంటే రెండూ ఒకటే సార్. కప్పులో పోస్తే ఒకటి కావు."

"అబ్బో, ఏడో క్లాసు లెక్కలు!" అని నవ్వుకుంటూ ఆయన టీకి వెళ్లాడు.

ఆయన టీలు ఎప్పుడూ తీరుబడిగానే సాగుతాయి. ఆలోపు ఆమె కప్పుతోనే కొలిచి, చాకుతో అంచు సమం చేసి, నమ్మకం చాలక మళ్లీ సమం చేసి, కలిపి పొయ్యిలో పెట్టింది. కేకు దూదిలా పొంగింది.

సాయంత్రం మేడమ్ ముక్క తుంచి నోట్లో వేసుకుంది. "ఇవాళ ఎలా కుదిరింది బాబూ?"

"చిన్న సాంకేతిక సవరణ చేశాను మేడమ్."

"ఏం సవరణ?"

డిప్లొమా బాబు పైకప్పు వైపు చూశాడు. అక్కడేమీ రాసి లేదు.

పిల్లతల్లి స్టీలు కప్పు తెచ్చి ముందు పెట్టింది. "పావంటే కప్పండీ. కప్పు మైదా నూట ముప్పై గ్రాములు, చక్కెర రెండొందలు. కాటాలో పావు కిలో పోస్తే మైదా రెండింతలైపోతోంది."

మేడమ్ ఇంకో ముక్క తుంచింది. "ఇకమీదట కొలతలు నువ్వే వెయ్యి. పాపకి పాల వేళకి వెళ్లిరా, ఎవరూ ఏమీ అనరు."

మర్నాడు గోడకి పట్టిక వెలిసింది. 'కప్పుల నుంచి గ్రాములకు: శాస్త్రీయ పద్ధతి'. కింద డిప్లొమా బాబు సంతకం. కప్పు నూనెకి ఎదురుగా, నీళ్లకైనట్టే, రెండొందల యాభై అని ఉంది. ఆమె పెన్సిలు తీసి, ఎవరినీ అడక్కుండా, రెండొందల ముప్పై అని దిద్దింది.