మొప్ప ఎత్తేలోపు

సుజి నోరు మూసుకుని కూర్చున్నా త్రినాథరావు సార్ మెచ్చుకుంటారు. నేను నోరు తెరిస్తే చాలు, తల పట్టుకుంటారు.

మేమిద్దరం అనకాపల్లిలో ఒకే కాలేజీలో బయాలజీ డిగ్రీ చదివాం. హైదరాబాదులోని ఒక సైన్సు యూనివర్సిటీ పీజీ ఇంటర్వ్యూకి మా కాలేజీలో మా ఇద్దరికే పిలుపొచ్చింది. రాతపరీక్షలో మార్కులు నాకే ఎక్కువ. ఆ సంగతి సారుకి గుర్తున్నట్టు లేదు. రోజూ సాయంత్రం మమ్మల్ని ల్యాబ్‌లో కూర్చోబెట్టి ఉత్తుత్తి ఇంటర్వ్యూ చేసేవారు.

ఆయన ప్రశ్న పూర్తిచేయకముందే నేను జవాబు చెప్పేసేదాన్ని. సగం తప్పులే అనుకోండి. సుజి మాత్రం కిటికీలోంచి బయటకు చూస్తూ ఉండేది. దాని బదులు నాకు చెమటలు పట్టేవి. చివరికెప్పుడో, "పూర్తిగా తెలీదు సార్, ఇలా అయ్యుండొచ్చు," అనేది.

"అదీ! అలా ఆలోచించాలి. నువ్వేటమ్మా దుర్గాలక్ష్మీ, చేపలమ్మినట్టు టకటకా చెప్పేత్తావు?" అనేవారు సార్.

చేపలే అమ్ముతాం మేము. మా అమ్మ మరిడమ్మ మార్కెట్లో గంప పెట్టుకుని కూర్చుంటుంది. చిన్నప్పుడే నాకు నేర్పింది. బేరానికొచ్చినవాళ్ళు "నిన్నటివా?" అనడిగితే, వాళ్ళు మొప్ప ఎత్తి ఎరుపు చూసుకునేలోపు మన జవాబు పడిపోవాలి. తడబడితే సరుకు పాడైందని ఒప్పుకున్నట్టే. ఆ అలవాటు నా నాలుక మీదే ఉండిపోయింది.

"అంతసేపు ఎలాగ ఊరుకుంటావే?" అని ఒకరోజు సుజిని అడిగాను.

"చర్చిలో మౌన ప్రార్థన సేత్తాం గదా. అలవాటైపోయింది. అక్కడెవులూ తొందరపెట్టరు," అంది.

అంటే దేవుడు కూడా దానికి చిన్నప్పటినుంచీ ఫ్రీగా కోచింగిస్తున్నాడన్నమాట! నా ఒళ్ళు మండిపోయింది. ఇంటికెళ్ళాక అన్నం సయించలేదు.

సరే, నేనూ నేర్చుకుంటానని పంతం పట్టాను. మర్నాడు అమ్మ టీ తాగడానికి లేస్తే గంప దగ్గర కూర్చున్నాను. ఒకాయన కానగంత చేపలు చూపించి, "నిన్నటివా?" అన్నాడు. నేను సుజిలాగే ఎటో చూస్తూ ఊరుకున్నాను. ఆయన నన్నూ, చేపల్నీ ఎగాదిగా చూసి పక్క గంప దగ్గరికి పోయాడు. అమ్మ పరుగెత్తుకొచ్చింది.

"ఏటే, నోట్లో బెల్లం ముక్కెట్టుకున్నావా? పొద్దున్న పడవల్లో దిగిన సేపల్ని నిన్నటివి సేసేసేవు గదే!"

హైదరాబాదులో అసలు ఇంటర్వ్యూకి ముందు సుజిని పిలిచారు. తొందరగానే బయటికొచ్చింది. ఏమీ అడగనివ్వకుండా తల దించుకుని కూర్చుంది. నా పేరు పిలిచారు.

లోపల కళ్ళద్దాల మేడమ్ మా అమ్మ ఏం చేస్తుందని అడిగింది. చెప్పాను. "అయితే చేప పాతదైతే మొప్ప ఎందుకు రంగు మారుతుంది?" అంది.

పుట్టినప్పటినుంచీ చూస్తున్నాను. ఎందుకో మాత్రం ఎన్నడూ ఆలోచించలేదు. బ్యాక్టీరియా అని నోటిదాకా వచ్చేసింది. పళ్ళు బిగించి ఆపాను. ఇప్పుడు లేచి పక్క గంప దగ్గరికి పోతారనిపించింది. ఎవరూ లేవలేదు. మేడమ్ నీళ్ళు తాగుతూ నా వంకే చూస్తోంది.

"తెలీదు మేడమ్," అన్నాను చివరికి. "కానీ రక్తంలో ఇనుముంది. గాలికి ఇనుము గోధుమరంగులోకి మారుతుంది. ఇదీ అలాంటిదేనేమో."

ఆవిడ కుర్చీ ముందుకు జరుపుకుంది. అక్కడినుంచి చాలాసేపు మాట్లాడుకున్నాం.

సీటు నాకొచ్చింది. సుజికి రాలేదు. సంతోషించానా అంటే, సంతోషించాను. సార్ నోట నా పేరు వినాలని కాలేజీకి రెండుసార్లు వెళ్ళొచ్చాను కూడా.

ఆ ఆదివారం చర్చి నుంచి సుజి తిన్నగా మార్కెట్‌కొచ్చి నా చేయి పట్టుకుంది.

"నీలాగ గబగబా సెప్పెయ్యాలని ఎల్లేనే. అడిగిందానికల్లా తప్పు సెప్పేసేను," అంది.

నాలాగట! ఇన్నాళ్ళూ నేను దాన్ని చూసి ఏడుస్తుంటే, అది నన్ను చూస్తూ ఉందన్నమాట. నోరు ఊరుకోక అడిగేశాను.

"నీకు కడుపు మండట్లేదేటే?"

సుజి ఎప్పటిలాగే ఎటో చూస్తూ ఉండిపోయింది. పక్కన అమ్మ బేరమాడుతూనే ఉంది.

"మండుతోంది," అంది చివరికి. "సానా."

అమ్మ నేర్పిన జవాబులేవీ ఆ మాటకి పనికిరావు. నేను దాని చేయి వదలకుండా ఊరుకున్నాను.