మిషను చప్పుడులో మాట

శుక్రవారం లోపల చేయాల్సినవి:

రక్తపరీక్ష కాగితాలు తెచ్చి ఫైల్లో పెట్టాలి.
ఆఫీసులో పది రోజులు సెలవు అడగాలి. (ఏడవకుండా అడగాలి.)
మూడు సూట్లు, ఏడు చొక్కాలు ఎవరివి వాళ్ళకి అందించాలి.
నాన్నకి మెడ దగ్గర తెరిచి ఉండే చొక్కాలు నాలుగు. (తనే కుట్టుకుంటానన్నాడు.)
రాసుకోవడానికి చిన్న పలక.
కెమెరా.

ఆసుపత్రివాళ్ళు ఇచ్చిన కాగితం వెనకవైపు ఆమె ఇదంతా వరసగా రాసుకుంది. చివరి మాట మాత్రం మిగతావాటికంటే చిన్న అక్షరాల్లో, అడగడానికి మొహమాటపడే వస్తువులా ఒక మూలకి పడింది.

ఆమె తండ్రి దర్జీ. గొంతులో గడ్డ ఉందని, శుక్రవారం ఆపరేషను చేసి స్వరపేటిక మొత్తం తీసేయక తప్పదని పెద్ద డాక్టరు తేల్చి చెప్పేశాడు. ప్రాణానికి ఢోకా లేదు, మాటే ఉండదు. "ప్రాణం నిలబడుతుందంటే ఇంకేం కావాలమ్మా" అని వచ్చినవాళ్ళంతా అన్నారు. ఆమె కూడా తలూపింది. కానీ ఆ ఇంట్లో డిగ్రీ దాకా చదివిన మొదటి మనిషి ఆమే కావడంతో, తండ్రి ఆమెను పేరు పెట్టి పిలవడం ఎప్పుడో మానేశాడు. "కాలేజీ" అంటాడు. "ఏం కాలేజీ, తిన్నావా? కాలేజీ, ఆ దారం కండె ఇలా అందుకో." శుక్రవారం తర్వాత ఆ పిలుపు ఇక వినపడదు. ఎలాగైనా దాన్ని పట్టి ఉంచాలి. అంతే ఆమె కోరిక.

ముందు ఫోనుతోనే ప్రయత్నించింది. ఎనిమిది నిమిషాలకు చోటు చాలదంది. చెరిపి మళ్ళీ మొదలుపెడితే, మధ్యలో ఎవరో చొక్కా ఎప్పుడిస్తారని ఫోను చేశారు. రికార్డింగ్ అక్కడితో ఆగిపోయింది. దుకాణానికి ఉన్నది ఆ ఒక్క నంబరే, కట్టేయడానికి లేదు.

అందుకని కెమెరా. చేతిలో పట్టేంత చిన్నది, తన జీతానికి అందేది. పరీక్షకి చదివినట్టే చదివింది. తెల్లకాగితం మీద గళ్ళు గీసింది: బరువు, జూమ్, బ్యాటరీ ఎంతసేపు వస్తుంది, కార్డులో ఎన్ని గంటలు పడతాయి, వారంటీ. ఐదు గళ్ళు, తొమ్మిది కెమెరాలు. ఎప్పుడూ లెక్క తప్పని పిల్ల.

శనివారం షాపుకి వెళ్ళింది. గాజు బీరువాల వెనక కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టుకుని ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు.

"ఏం తీయడానికమ్మా?"

"ఇంట్లోవేనండీ. రోజువారీవి."

"పిల్లలా?"

నిజం చెప్పబోయి, గాజు బీరువా వైపు తిరిగింది. "ఆ... పిల్లలే."

"పరుగెత్తే వయసా?"

"లేదండీ. ఒకచోట కూర్చునే ఉంటారు."

"అదృష్టవంతురాలివి. మా మనవడిని పంపిస్తాను, రెండ్రోజులు నేర్పించి పంపు."

ఆమె నవ్వలేదు. ఆయన రెండు కెమెరాలు బల్లమీద పెట్టాడు. ఒకటి బూడిదరంగు, ఒకటి నలుపు. ధర ఇంచుమించు ఒకటే. బూడిదరంగుదాని జూమ్ ఎక్కువ, బరువు తక్కువ. నల్లదాని పక్కన గుండుసూది తలకంటే కాస్త పెద్ద రంధ్రం ఉంది.

"ఇదేమిటండీ?"

"బయటి మైకు పెట్టుకోడానికి. సభలూ అవీ తీసేవాళ్ళకి పనికొస్తుంది. ఇంట్లో పిల్లల గోలకి మళ్ళీ మైకు కూడా ఎందుకమ్మా?"

ఆమె తన కాగితం చూసుకుంది. అందులో శబ్దానికి గడి లేదు. బూడిదరంగుది తీసుకుంది.

ఆ గడి ఎందుకు లేదో బయటివాళ్ళకి అర్థం కాదు. వాళ్ళ ఇల్లే దుకాణం. ముందు గదిలో కుట్టుమిషను, కత్తిరించే బల్ల. మధ్య గదిలో వంట, పడక. వెనక చిన్న గది ఆమె చదువుకి. పొద్దున్న మొదలైన మిషను రాత్రి భోజనాల దాకా నడుస్తూనే ఉంటుంది. ఆ ఇంట్లోవాళ్ళు దాన్ని చప్పుడు అనుకోరు. అది ఆగితేనే చప్పుడైనట్టు ఉలిక్కిపడి, ఏమైందని తొంగి చూస్తారు.

ఆదివారం తండ్రి మిషను ముందు కూర్చున్నాడు. ఆసుపత్రిలో చేరేలోగా సూట్లు మూడూ అయిపోవాలని పంతం. కెమెరా పట్టుకుని ఎదురుగా నిలబడితే ఆయన బిగుసుకుపోయాడు.

"ఏదైనా చెప్పు నాన్నా."

"ఏం చెప్పను? సూట్లు రెడీ అని చెప్పనా?"

"నీ ఇష్టం."

"నువ్వలా గుడ్లప్పగించి చూస్తుంటే నాకు సూదిలో దారం కూడా ఎక్కదు. పో, వెళ్ళి ఆ చొక్కాలు ఇచ్చి రా."

సరేనని కెమెరాను ఎదురు గోడకున్న అర మీద పెట్టి, జూమ్ తిప్పి తండ్రి ముఖం నిండుగా కనిపించేలా సరిచేసి, చొక్కాల మూట పట్టుకుని వెళ్ళిపోయింది. మిషను పక్కన స్టూలు మీద తల్లి ఎప్పటిలాగే గుండీలు కుడుతూ కూర్చుంది. నాలుగు గంటల తర్వాత తిరిగొచ్చేసరికి తండ్రి గొంతు బొంగురుపోయి ఉంది. "చాలా చెప్పానే" అన్నాడు, మేకపిల్ల అరిచినట్టున్న ఆ గొంతుకి తనే నవ్వుకుంటూ.

ముగ్గురూ తలలు దగ్గర పెట్టి ఆ చిన్న తెరలో చూశారు. బొమ్మ అద్దంలా ఉంది. తండ్రి కనుబొమ్మ మీది దారప్పోగు కూడా కనిపిస్తోంది. పెదాలు కదులుతున్నాయి. వినిపిస్తున్నది మాత్రం మిషనే. గడగడా గడగడా, మధ్యలో ఎక్కడో ఒక మాట తోక.

అప్పుడు, ఇరవై మూడేళ్ళలో మొదటిసారి, ఆ మిషను ఎంత గట్టిగా మోగుతుందో ఆమెకు తెలిసింది.

"నీ కెమెరా నన్ను కాదే కాలేజీ, మిషన్ని తీసింది" అన్నాడు తండ్రి.

తల్లి మళ్ళీ గుండీ, సూది అందుకుంటూ, "బాగానే ఉందిగా. అన్నీ చెబుతున్నారుగా" అంది.

"నీకు తెలీదమ్మా, ఊరుకో" అని కసిరింది ఆమె. కసిరాక తల్లి ముఖం చూడలేదు. కళ్ళలో నీళ్ళు కమ్మి, చూసినా కనిపించేది కాదు.

సోమవారం, మంగళవారం ఆసుపత్రి తిరుగుళ్ళకే సరిపోయాయి. బుధవారం పొద్దున్న షాపుకి పరుగెత్తి, పెద్దాయనకి ఈసారి నిజం చెప్పింది. ఆయన కళ్ళజోడు నుదుటి మీంచి కిందికి దించుకున్నాడు.

"ముందే చెప్పాల్సిందమ్మా. పిల్లలంటివి."

"తప్పైందండీ. నల్లది ఇస్తారా?"

"నిన్ననే పోయింది. ఉన్నా నీకు ఏమంత ఒరిగేది కాదు. ఏ కెమెరా చెవైనా చిన్నదే. దూరం నుంచి జూమ్ చేస్తే ముఖం దగ్గరికొస్తుంది కానీ మాట రాదు. మూడడుగుల్లో పెట్టు, మిషను ఆపించు. అంతకుమించి మంత్రమేం లేదు." ఆమె మెట్లు దిగుతుంటే వెనక నుంచి మళ్ళీ పిలిచాడు. "బ్యాటరీ నిండుగా పెట్టుకోమ్మా. మధ్యలో ఆగిపోకుండా."

ఆ సాయంత్రం మిషను ఆగింది. తండ్రిని కుర్చీలో కూర్చోబెట్టి, కెమెరాను మూడడుగుల్లో పెట్టింది. ఆయన రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని, గుర్తింపు కార్డుకి ఫొటో తీయించుకునేవాడిలా కూర్చున్నాడు. ఖాళీ చేతులు అటూ ఇటూ జరిగాయి. గొంతు సవరించుకున్నాడు. "నమస్కారం" అన్నాడు. అంతే. నిమిషాలు పోతున్నాయి. కెమెరా ఎర్రదీపం వెలుగుతూనే ఉంది. పొద్దున్నే ఆసుపత్రిలో చేరాలి.

"నాన్నా, ఒక్కసారి నన్ను పిలువు. అది చాలు."

ఆయన నోరు తెరిచాడు. పిలవలేకపోయాడు. చెప్పి చేయించుకుంటే వచ్చేది కాదది.

తల్లి లేచింది. గోడ మేకుకున్న టేపు తీసి భర్త మెడలో వేసింది. కొలతల పుస్తకం, పెన్సిలు తీసుకుని స్టూలు మీద కూర్చుంది. "చలికాలం వస్తోంది. దానికి ఆఫీసుకి కోటు లేదు. కొలతలు తీయండి" అంది.

టేపు మెడలో పడగానే ఆయన భుజాలు దిగాయి. కుర్చీ వెనక్కి జరిపి లేచాడు.

"నిటారుగా నిలబడు. ఆఫీసులో ఫైళ్ళమీద పడుకుంటావేంటి, వీపు అలా వంగింది? భుజం, పద్నాలుగున్నర."

"పద్నాలుగున్నర" అంది తల్లి రాసుకుంటూ. ఆ ఇంట్లో పని పద్ధతి అది. ఆయన అంకె అరిచి చెబుతాడు, ఆమె అదే తిరిగి చెప్పి రాస్తుంది. తప్పు వినపడితే అక్కడే పట్టుకోవాలని.

"స్కూలు వదిలినప్పుడు సరిగ్గా పద్నాలుగు. ఆ అరంగుళం పుస్తకాల సంచీ మోసిందే. చెయ్యి, ఇరవై రెండు."

"ఇరవై రెండు."

"మణికట్టు, ఆరు. ఏమే, దీనికి అన్నం పెడుతున్నావా, ఆవిరి పెడుతున్నావా? మెడ, పదమూడు. కదలకు కాలేజీ! కాలేజీలో చక్కిలిగింతలు ఆపడం నేర్పలేదా?"

ఆమె కదల్లేదు. బల్ల మీద గుడ్డల మధ్య కెమెరా అంతా వింటోంది. కోటు పొడవు చెబుతుంటే ఆయన గొంతు సగంలో విరిగిపోయింది. దగ్గాడు, నీళ్ళు తాగాడు, మళ్ళీ చెప్పాడు. అన్నీ అయ్యాక టేపు చుట్టుకుంటూ భార్య వైపు తిరిగాడు.

"రేపట్నించి నేను వేలు పెట్టి చూపిస్తా. అంకె నువ్వే అరవాలి."

తల్లి ఆ మాట తిరిగి చెప్పలేదు. పెన్సిలు పట్టుకున్న చెయ్యి పుస్తకం మీద అలాగే ఉండిపోయింది.

ఇరవై రెండు నిమిషాలు. అంతా స్పష్టంగా వచ్చింది.

ఆపరేషను బాగా జరిగిందన్నారు. నెల తిరిగేసరికి తండ్రి మెడ తెరిచిన చొక్కా వేసుకుని మళ్ళీ మిషను ముందు కూర్చున్నాడు. పలక మీద అంకెలు ముత్యాల్లా రాస్తాడు, అక్షరాలకి మాత్రం తడుముకుంటాడు. కొలతలకి వచ్చినవాళ్ళకి టేపు మీద ఆయన వేలు నిలుస్తుంది, తల్లి వంగి చూసి అంకె చెబుతుంది. మొదటి వారమంతా ఆమె గొంతు లోపలికే పోయింది. "కాస్త గట్టిగా చెప్పండమ్మా" అని ఒకాయన విసుక్కుంటే, ఆమె మధ్య గదిలోకి వెళ్ళి వచ్చింది. కళ్ళు కడుక్కుని వచ్చినట్టు చెంపలు తడిగా ఉన్నాయి.

తండ్రి కొత్త కోటు పూర్తి చేసి కూతురికి వేయించి చూసుకున్న రోజది. ఆయన మధ్య గదిలో కునుకు తీస్తున్నాడు. కూతురు కెమెరా కార్డు సర్దుతూ, ఆదివారం నాటి నాలుగు గంటలూ చెరిపేద్దామని తెరిచింది. గడగడ మొదలైంది.

"ఎందుకే చెరపడం?" అంది తల్లి, గుండీ మీంచి తలెత్తకుండా.

"ఏమీ వినపడదు కదమ్మా."

"వినపడకపోవడమేంటి? ఆ పెద్ద సూటాయనకి ఎడమ భుజం దిగి ఉంటుంది, లోపల కాస్త దూది పెట్టాను, ఆయనకి చెప్పకు, నొచ్చుకుంటాడు అంటున్నారు."

కూతురు తెరవైపు చూసింది. పెదాలు కదులుతున్నాయి. గడగడా గడగడా. ఆమెకేమీ అందలేదు. తల్లి మాత్రం కొలతలు తిరిగి చెప్పినట్టే, అర క్షణం వెనకగా, ఆయన మాటలే తడబడకుండా చెప్పుకుంటూ పోతోంది.

"దానికి డిగ్రీ పట్టా ఇచ్చిన రోజు నేను వెనక వరసలో నిలబడ్డాను. పేరు పిలవగానే అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది నేనే. అది ఇటు చూడలేదు. పోనీలే, నా చేతులకి దుకాణం సుద్ద ఉంది... కింది దారం బాబిను అయిపోయింది, ఇవ్వు... ఇప్పుడు కెమెరా పెట్టి ఏదైనా చెప్పమంటే దానికి ఏం చెప్పను? కాలేజీ అని పిలిచినప్పుడల్లా అదే కదా చెబుతున్నాను."

తల్లి ఆగింది. "తర్వాత చొక్కాల సంగతి" అంది.

ముప్పై ఏళ్ళు ఆ మిషను పక్కనే కూర్చున్న చెవి అది. కూతురికి ఆ చెవి లేదు. చదువుకోవాలని ఆమెను వెనక గదిలో కూర్చోబెట్టి, చప్పుడు రాకుండా తలుపు వేసింది వాళ్ళే. ఆ తలుపు వెనక ఆమె డిగ్రీ సంపాదించుకుంది. ఈ గదిలో ఏం మాట్లాడుకున్నారో ఆమెకు చేరలేదు. ఆదివారం అమ్మ చెప్పింది, బాగానే ఉందని. తను ఊరుకోమంది.

"అమ్మా, ఆ రోజు నిన్ను..."

"ఏ రోజు?" అంది తల్లి, దారం పళ్ళతో తెంపుతూ. నిజంగా మరిచిపోయిందో, మరిచిపోయినట్టు ఉండిపోయిందో తెలియలేదు.

కూతురు కెమెరా అటు తిప్పబోతే తల్లి కొంగు అడ్డం పెట్టుకుంది. "నన్నెందుకే, పో." అందుకని కొలతల పుస్తకం, పెన్సిలు తీసుకుని తనే స్టూలు పక్కన కింద కూర్చుంది. "నువ్వు చెప్పమ్మా. నేను రాసుకుంటా." వారానికి పావుగంట దొరికితే గొప్ప. ఆ నాలుగు గంటల్లో ఇప్పటికి నలభై నిమిషాలయ్యాయి. తల్లికి ఈమధ్య కుడి చెవి సరిగా పనిచేయడం లేదు, మిషను వైపుది.

మీరెప్పుడైనా దర్జీ దుకాణంలో చేతులు చాచి కొలతలిస్తే, పక్కన స్టూలు మీద పుస్తకం పట్టుకుని, తలెత్తకుండా ప్రతి అంకె తిరిగి చెబుతూ రాసుకునే మనిషి ఉంటే, వచ్చేసేటప్పుడు ఆమె వైపు ఒక్కసారి చూడండి. ఈ తల్లిని గుర్తు పెట్టుకోండి.