కట్ట కింద సీసా

వంటగట్టు తుడుస్తున్న వినీల చెయ్యి సీసా దగ్గర ఆగిపోయింది. నిన్న మట్టికట్ట కింద ఊటనీరు పట్టి తెచ్చి, కదపకుండా పెట్టిన సీసా అది. అడుగున తెల్లటి మడ్డి.

"నలకలు కనిపిస్తే కాస్త పటిక తిప్పానమ్మాయ్. తాగే నీళ్లనుకున్నాను," అంది అత్తగారు దీనమ్మ.

వినీల ఇరిగేషన్ ఆఫీసులో అసిస్టెంట్ ఇంజనీరు. తునికి పైన కొండల్లో ఉన్న చిన్న రిజర్వాయరు కట్ట కారుతోందని పుకారు పుట్టింది. ఎందుకొచ్చిన గొడవ, నీళ్లన్నీ వదిలేసి ఖాళీ చేద్దామన్నారు పై అధికారి. వదిలేస్తే కింద పాలు పోసుకుంటున్న రెండో పంట, దాళ్వా వరి, ఎండిపోతుంది. మట్టికట్ట అన్నాక ఊట ఉంటుంది. తేటగా వస్తే భయం లేదు, లోపలి మట్టిని మోసుకొస్తేనే ప్రమాదం. రేపటికల్లా తేల్చి చెబుతానంటే ఆయన నవ్వారు. "మీకెందుకమ్మా టెన్షన్? నేను రాసేస్తాను, సంతకం పెట్టండి చాలు." ఇంట్లో ఆమె చదువు ఊసెత్తేది బంధువులొచ్చినప్పుడే. "మా ఆవిడ డ్యాములు కాస్తుంది గానీ పప్పులో ఉప్పు కుదరదు," అంటాడు భర్త విజయ్ పాల్. అందరూ నవ్వుతారు. కాఫీలందిస్తూ తనూ నవ్వేది.

ఇప్పుడీ మడ్డి కట్ట మట్టో, పటికో ఎలా తెలుస్తుంది? కోపం రావలసిందే. దీనమ్మ మొహం చూస్తే నవ్వొచ్చింది. ఇంటిల్లిపాదికీ నీళ్లు తేర్చి పెట్టడమే ఆవిడ బతుకంతా చేసిన పని. మళ్లీ పట్టుకురావాలనగానే, నేనూ వస్తానంటూ చర్చికి కట్టుకున్న చీరతోనే స్కూటరెక్కింది.

కట్ట కింద నేల గట్టిగా ఉంది. ఊటకాలువలో కొలత చూస్తే, నిరుడు ఇదే నీటిమట్టానికి ఎంత పారిందో ఇప్పుడూ అంతే. నిన్న వంటవేళకి ఇల్లు చేరే తొందరలో తనే కాలువ అడుగుమట్టి రేపిందేమోనని, ఈసారి కట్టలోంచి ఊట బయటికొచ్చే గొట్టం మూతి దగ్గరే నిదానంగా సీసా నింపి నీడలో పెట్టింది. ఇక కదపకుండా కాచుకోవడమే.

పెళ్లయ్యాక అత్తాకోడళ్లిద్దరూ చేతులు ఖాళీగా పక్కపక్కన కూర్చోవడం అదే మొదలు. నీటి మీదనుంచి గాలి చల్లగా వీస్తోంది. చిన్నప్పుడు లెక్కల్లో తనని మించినవాళ్లు బళ్లో లేరని, ఆ సంగతి ఈ ఇంట్లో ఎవరూ అడగలేదని చెప్పింది దీనమ్మ.

ఫోన్ మోగింది. వంటెప్పుడని విజయ్ పాల్. దీనమ్మ ఫోన్ అందుకుంది.

"కోడలు కట్ట చూస్తోందిరా. కుక్కర్ పెట్టుకో."

ఎండ నెత్తికొచ్చేసరికి సీసా అడుగున నలుసైనా లేదు. వినీల అధికారికి ఫోన్ చేసింది.

"నీళ్లు వదలొద్దు సార్. కట్టకి భయం లేదు. రిపోర్టు నేనే రాస్తాను, నా పేరుతోనే."

సరేనమ్మా అన్నారాయన.

"ఇక బయల్దేరదామా?" అంది దీనమ్మ, లేవకుండానే.

వినీల సీసా వంక చూసింది. అందులో ఇంక చూడవలసిందేమీ లేదు.

"ఇంకో గంట చూద్దాం అత్తయ్యా."