అక్క గదిలో ట్యూబులైటు

స్టూలు కాలికింద అట్టముక్క సర్ది, అది ఊగడం లేదని తొక్కి చూసుకుని మిల్లాయన పైకెక్కాడు. కాళ్ళకు రబ్బరు చెప్పులు. ఎడంచెయ్యి వీపు వెనక పెట్టుకున్నాడు. కరెంటు పని ఒంటిచేత్తోనే చెయ్యాలని, మిల్లులో చేరిన కొత్తల్లో ఎవరో అనగా విన్నాడు. ఆ విద్యలో ఆయనకు తెలిసిందల్లా అదే.

పొద్దుటి షిఫ్టు దిగి నేరుగా కొట్టుకెళ్ళి కొత్త హోల్డరు తెచ్చాడు. వారంగా ఈ ట్యూబులైటు మిణుకుమిణుకుమంటూ ప్రాణం తోడేస్తోంది. వేస్తే ఆయన అక్కకు కళ్ళు తిరుగుతాయి, ఆర్పితే చీకట్లో ఊపిరాడనట్టుంటుంది.

"ఒరేయ్, ఫ్యూజు తీసెయ్యరా," అంది అక్క మంచం మీంచి. ముక్కుకు ఆక్సిజన్ పైపు, పక్కన దాని మిషను. "కాసేపు ఓర్చుకుంటాలే."

ఏళ్ళ తరబడి మరమగ్గాల మోతకు ఆయన చెవులు ఎప్పుడో చచ్చాయి. అక్క మాటలు పెదాలు చూసే తెలుసుకుంటాడు. ఇంటికి వైరింగు చేసిన మహానుభావుడెవడో గానీ, స్విచ్చి ఆపినా పైన తీగల్లో కరెంటు ఉండనే ఉంటుంది. అది పోవాలంటే వసారాలో ఫ్యూజు పీకాలి. పీకితే మిషను ఆగిపోతుంది. మిషను ఆగితే ఏమవుతుందో డాక్టరు మొహమాటం లేకుండానే చెప్పాడు.

"డాక్టరు మాట మర్చిపోయావా? ఊరుకో."

"నీకేమన్నా అయితే నేనేం చేసుకోనురా ఈ గాలి?"

"నోర్మూసుకుని పడుకో అక్కా!"

అమ్మ పోయాక చంకనేసుకుని పెంచిన మనిషి. తమ్ముడి ధ్యాసలో పడి తన పెళ్ళి సంగతే వదిలేసిన మనిషి. ఆవిణ్ణి అంతమాట అన్నందుకు మనసు చివుక్కుమంది. తర్వాత బతిమాలుకోవచ్చులే అనుకుని గోడవైపు తిరిగాడు.

ట్యూబు తీసి అలమర మీద పెట్టి, విరిగిన హోల్డరు విప్పాడు. పాత తీగల మీది తొడుగు ముట్టుకుంటే పొడిపొడిగా రాలుతోంది. ఒక్కో స్క్రూకూ ఊపిరి బిగబట్టాడు. చెమట కంట్లోకి దిగినా తుడుచుకోలేదు. స్క్రూడ్రైవరు జారితే చటుక్కున చెయ్యి లాక్కుని, గుండె కుదుటపడేదాకా ఆగి, మళ్ళీ మొదలుపెట్టాడు. నేను పోతే అక్కకు గ్లాసుడు నీళ్ళిచ్చే దిక్కుండదు, తొందరపడకు, తొందరపడకు అని తనకు తనే చెప్పుకుంటూ నత్తనడకన చేశాడు.

చివరికి ట్యూబు ఎక్కించి, స్టూలు మీంచే చెయ్యి చాచి స్విచ్చి వేశాడు. వెలగలేదు.

స్టార్టరు తిప్పాడు. ఊహూఁ. విసుగొచ్చి హోల్డరు కదిపేసరికి వేలు తిన్నగా రాగితీగ మీద పడింది. "అమ్మో!" అని కళ్ళు మూసుకున్నాడు.

ఏమీ కాలేదు.

ఈసారి కావాలనే ముట్టుకున్నాడు. కరెంటు లేదు. ఎప్పట్నించి లేదు?

వెనక్కి తిరిగాడు. మంచం ఖాళీ. కరెంటు పోతే బ్యాటరీ మీద వెలిగే ఎర్రదీపం మిషను మీద కొట్టుకుంటోంది. అది అరుస్తోందేమో కూడా, ఆయనకేం తెలుసు!

అక్క వసారాలో బోర్డు కింద గోడకానుకుని కూర్చుని ఉంది, ఆయాసం తీర్చుకుంటున్నట్టు. ఎవరూ తిరిగి పెట్టెయ్యకుండా కాబోలు, ఫ్యూజు పిడికిట్లో బిగించి పట్టుకుంది. వేళ్ళు విడదీసి లాక్కుని బోర్డులో గుచ్చాడు. ఆవిణ్ణి ఎత్తుకొచ్చి మంచం మీద వేసి, పైపు ముక్కు దగ్గర పెట్టాడు.

"పీల్చవే అక్కా, నీకు దణ్ణం పెడతాను, ఒక్కసారి పీల్చు!"

ట్యూబులైటు గదినిండా వెలుగుతోంది, మిణుకన్నది లేదు. ఆ వెలుగులో అక్క గుండెలు కదల్లేదు. ఇంతసేపు చేశానే, ఇంతసేపు చేశానే అని ఆయన తల బాదుకున్నాడు.

చాలాసేపటికి గానీ ఏడుపు ఆగలేదు. మిషను ఆపడానికి చెయ్యి రాలేదు. దిండు మీదికి జారిన పైపులోంచి గాలి వస్తూనే ఉంది.