బలహీనతల గడిలో ఊరి పేరు

బాపట్లలో చిన్న వ్యాపారాల శిక్షణ ముగిసే రోజున రమేష్ బాబు సారు తలా ఒక కాగితం పంచారు. దాని మీద నాలుగు గళ్ళు: బలాలు, బలహీనతలు, అవకాశాలు, ముప్పులు.

"మీ బలహీనతలు మీరే రాసుకుంటే దాచుకుంటారు. పక్కవాళ్ళతో రాయించుకోండి," అన్నారు. ఆ కాగితం చూశాకే లోను కోసం బ్యాంకుకు సిఫారసు రాసిస్తారు.

రిబ్కాకు ఆ సిఫారసు కావాలి. సూర్యలంకలో సముద్రంలోకి దిగేవాళ్ళ ఫోన్లు, పర్సులు, సంచులు దాచిపెట్టి, వాళ్ళు ఒడ్డుకొచ్చాక అప్పగించే కొట్టు పెట్టాలని ఆమె ఆలోచన. ఆదివారం వచ్చే ప్రతి కుటుంబంలోనూ ఎవరో ఒకరు నీళ్ళకు దూరంగా సంచుల దగ్గర కాపలా కూర్చుంటారు. ఎక్కువగా ఆ ఇంటి పెద్దావిడే.

పక్కన కూర్చున్న నీరజది తెనాలి. జాకెట్లు కుట్టే షాపు పెట్టబోతోంది. మూడు రోజులుగా ఇద్దరూ ఒకే క్యారేజీలో అన్నం పంచుకుంటున్నారు.

"చీరాల అన్నావుగా. చీరాలలో ఎక్కడమ్మాయ్?" అంది నీరజ పెన్ను మూత తీస్తూ.

రేపల్లె రైసు మిల్లు ఆఫీసులో పనిచేసిన నాలుగేళ్ళూ రిబ్కా చీరాల అనే చెప్పింది. నోటికి అలవాటైన ఆ మాట ఈసారి ఎందుకో రాలేదు.

"స్టూవర్టుపురం అక్కా."

నీరజ మొహం మారలేదు. కానీ బల్ల మీదున్న హ్యాండ్‌బ్యాగును ఆమె ఎడమ చెయ్యి మెల్లగా ఒళ్ళోకి లాక్కుంది. ఆ సంగతి చేతికి తెలిసినంతగా నీరజకు తెలియదు.

రిబ్కా తన చేతులు చూసుకుంది. రెండూ బల్ల మీద, వేళ్ళు విప్పి, అందరికీ కనిపించేలా ఉన్నాయి. ఏడో తరగతిలో ఎవరిదో జామెట్రీ బాక్సు పోతే అందరూ ముందు రిబ్కా వైపే చూశారు. మర్నాడు అది పోగొట్టుకున్న పిల్ల ఇంట్లోనే దొరికింది. రిబ్కా చేతులు మాత్రం ఆనాటి నుంచీ బల్ల మీదే ఉండిపోయాయి. ఇన్నాళ్ళూ దాన్ని ఆమె మర్యాద అనుకుంది. నాయనమ్మ వెంకాయమ్మ తన తండ్రి రోజూ సెటిల్‌మెంటు ఆఫీసు ముందు నిలబడి హాజరు పలికేవాడని చెప్పేది. ఊరందరినీ పుట్టుదొంగలుగా లెక్కగట్టిన ఆ తెల్లదొరల చట్టం పోయి డెబ్బై ఏళ్ళు దాటింది. ఈ చేతులు ఇంకా హాజరు పలుకుతూనే ఉన్నాయి.

నీరజ కాగితం తిరిగిచ్చింది. బలహీనతల గడిలో ఒకటే మాట: ఊరు.

సారు వంగి చదివి గొంతు తగ్గించారు. "నాకేం పట్టింపు లేదమ్మా. జనం సంగతి చూడు. వస్తువులు దాచే వ్యాపారం. చిరునామా బాపట్లని పెట్టుకో, బోర్డు మీద ఏ దేవుడి పేరో రాయించుకో. అబద్ధం చెప్పమనట్లేదు. చెప్పకుండా ఊరుకోమంటున్నా."

రిబ్కా కాగితం మీద 'ఊరు' అన్న మాట కొట్టేసింది. సారు ఊపిరి పీల్చుకునేలోపే దాన్ని బలాల గడిలో రాసింది.

"ఇదేంటి? ఇది బలమెట్లా అవుద్ది?"

"వేరే కొట్లో ఫోను పోతే పోయిందనుకుంటారండి. నా కొట్లో పిన్నీసు పోయినా జిల్లా అంతా చెప్పుకుంటారు. నాకున్నంత జాగ్రత్త ఇంకెవరికి ఉంటదండి?"

గదిలో నవ్వులు లేచాయి. నీరజ కూడా నవ్వి, వెంటనే తల దించుకుంది. కానీ రిబ్కాకు తన జవాబు తనకే నచ్చలేదు. అందులోనూ ఎవరో తనను చూస్తున్నారన్న భయమే ఉంది. ఖాళీ అయిన గడిలో ఆమె ఒక మాట రాసింది: చేతులు.

"చేతులేంటమ్మా?"

"అది నాకర్థమైతే చాలండి."

"ఊరి పేరు తీసేస్తే సిఫారసు రాస్తా. లేకపోతే నావల్ల కాదు."

"వద్దులెండి," అని రిబ్కా కాగితం మడిచి లేచింది.

లోను లేదు కాబట్టి అనుకున్న లాకర్లు రాలేదు. మిల్లులో దాచుకున్న జీతంతో రెండు పాత ఇనప బీరువాలు, ఒక బల్ల, ఒక రేకుల పందిరి వచ్చాయి. బోర్డు రాసే ఆయన, "ఊరి పేరు కింద చిన్నగా వెయ్యమంటావా అమ్మా?" అన్నాడు.

"పైన వెయ్యి బాబాయ్. పెద్దగా."

మొదటి ఆదివారం పదకొండయినా ఎవరూ రాలేదు. ఒకతను బోర్డు చదివి, "స్టూవర్టుపురమోళ్ళకి తాళాలిచ్చి ఈతకెళ్ళమంటన్నారు రా," అని నవ్వి, వాళ్ళ వాళ్ళను తీసుకుని నీళ్ళవైపు వెళ్ళాడు. సంచుల దగ్గర వాళ్ళమ్మను కూర్చోబెట్టాడు.

గంట సేపు ఎండలో కూర్చుని, ఆవిడ లేచింది. అయిదు సంచులూ మోసుకుంటూ ఇసకలో పందిరి దాకా వచ్చింది.

"బోర్డు చదివారా అండి?"

"చదివా. మావాడి మాటా విన్నా. తాళం మంచిదేనా?"

"మంచిదేనండి."

"అయితే తియ్యి. పదిసార్లొచ్చా ఇక్కడికి, ఒక్కసారీ కాళ్ళు తడవలా."

రిబ్కా సంచులు బీరువాలో పెట్టి తాళం వేసి, నంబరు బిళ్ళ ఇచ్చింది. ఆవిడ బిళ్ళను కొంగున ముడేసుకుని, చీర కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకుని అలలవైపు నడిచింది. నీళ్ళలోంచి కొడుకు ఏదో అరుస్తూ పరుగున పందిరి వైపు వస్తున్నాడు.

రిబ్కా అతని కోసం ఎదురుచూస్తూ కూర్చుంది. చేతులు బల్ల కింద ఒళ్ళో ఉన్నాయని అప్పుడు గమనించింది. అతను దగ్గరికొచ్చాడు. ఆమె చేతులు పైకి తియ్యలేదు.