పెద్దాయన దీవించిన పొట్టేలు

ఇరవై రెండేళ్లు సర్కారు సమష్టి వ్యవసాయ క్షేత్రంలో గొర్రెల జాతి పెంపకం చూసినవాణ్ని నేను. తెలియక చేశానంటే గొర్రెలు కూడా నవ్వుతాయి. తెలిసే చేశాను.

సర్కారు పడిపోయి క్షేత్రం ముక్కలైన ఏడాది పంపకాల్లో మా ఐదిళ్లకూ కలిపి నూటపది గొర్రెలు, ఒక సన్న ఉన్ని పొట్టేలు వచ్చాయి. మా చుట్టుపక్కల ఆ జాతి పొట్టేళ్లలో అదొక్కటే మిగిలింది. మిగతావన్నీ ఆకలి కాలంలో జనం కోసుకు తినేశారు. మా మందకు రేపంటూ ఉంటే అది ఆ పొట్టేలుతోనే. ఆ ఐదిళ్లలో ఒకింట్లో ఉండే, మొగుడు పోయిన సైరకన్ వదిన ఆ మంద ఉన్ని వడికి, శాలువాలు అల్లుకునే బతుకుతోంది.

అప్పుడు వచ్చాడు డెల్బర్ట్ అనే అమెరికా ముసలి రైతు, జీతం భత్యం లేకుండా మాకు గొర్రెల పెంపకం నేర్పడానికి.

"ఊరికే చెప్పడానికి ఇంత దూరం వస్తాడా? పెళ్లాం తరిమేసుంటుంది" అంది నా భార్య కనిషా. మా మాటలు ఆయనకూ, ఆయన మాటలు మాకూ మార్చి చెప్పడానికి వచ్చిన కాలేజీ పిల్ల మీరిమ్ ఆ ముక్క కూడా ఆయన చెవిన వేసేసింది.

"పాపం, పోయి నాలుగేళ్లయింది. ఉంటే తరిమేసేదే" అని ఆయన పగలబడి నవ్వాడు. ఆ రోజుతో మావాడైపోయాడు.

మూడు వారాలు పేడలో, బురదలో మాతో పాటే తిరిగాడు. ప్రతి గొర్రె పళ్లూ చూశాడు, గిట్టలు చెక్కాడు. పొట్టేలు దగ్గర మాత్రం చాలాసేపు నిలబడ్డాడు. "ఎసెంకుల్, దీన్ని విడిగా కట్టు. రెండు పూటలా బార్లీ పెట్టు. నవంబరులో మందలోకి వదులు. ఐదేళ్లలో నీ మందను నువ్వే గుర్తుపట్టలేవు" అన్నాడు. పెట్టాను. పొట్టేలు నిగనిగలాడుతూ బలిసింది.

ఆయన ప్రయాణానికి ముందురోజు అసలు చిక్కు వచ్చింది. అతిథికి గొర్రెను కోయకుండా పంపే ఇల్లు మాలో లేదు. కోసేది మందలో బాగా బలిసినదై ఉండాలి. ఆ ఏడు వానల్లేవు. కండ పట్టినవన్నీ పిండి బస్తాలకు మారకంగా పోయాయి. మిగిలినవాటికి పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు.

"ఆ పళ్లూడిన ముసలిదాన్ని కొయ్యి. ఆయనా రైతే, అర్థం చేసుకుంటాడు" అంది కనిషా.

"ఆయన చేసుకుంటాడే, ఊరు చేసుకుంటుందా? ఎసెంకుల్ చుట్టానికి ఎముకలు పెట్టాడని చెప్పుకోరూ?"

"మరేం కోస్తావ్?"

నా చూపు దొడ్డిలో కట్టిన పొట్టేలు మీదికి పోయింది. ఆమె అటు చూసి గుండె మీద చెయ్యేసుకుంది. "నీకు మతి పోయిందా? అది మన ఒక్కళ్లదేనా?"

మిగతా నాలుగిళ్లకూ వెళ్లి అడిగాను. ఒక్కరన్నా కాదంటారేమోనని లోపల చిన్న ఆశ. "చుట్టం కంటే పొట్టేలు ఎక్కువా మరిదీ?" అంది సైరకన్ వదిన. గొర్రెల సంగతి నాకంటే ఎవరికి తెలుసు? నేను అడిగానంటే ఫరవాలేదు కాబోలనుకున్నారు. ఆ నమ్మకాన్నే వాడుకున్నాను, సిగ్గులేనివాణ్ని.

కత్తి పెట్టే ముందు జీవాన్ని అతిథి ముందుకు తెచ్చి దీవెన అడగడం మా ఆచారం. గుమ్మంలో పొట్టేలును చూడగానే పెద్దాయన మొహం వెలిగిపోయింది. వీడ్కోలుకు తెచ్చాననుకున్నాడు. వీపు తడిమి, చూశావా బార్లీ మహిమ అన్నట్టు నాకు కన్నుగీటాడు. మేం అరచేతులు చాపితే తనూ చాపి ఏదో అన్నాడు.

మీరిమ్ మా భాషలోకి మార్చింది. "దీని సంతానంతో ఈ లోయ నిండాలి అంటున్నారు." నా దగ్గరకు జరిగి, "బాబాయ్, ఆయనకి తెలీదు. చెప్పేయనా?" అంది.

"వద్దు" అన్నాను. అప్పటికీ మించిపోయింది లేదు. తాడు నా చేతిలోనే ఉంది. దీవెన ముగింపుగా "ఓమిన్" అని అందరితో పాటు మొహం తడుముకున్నాను.

భోజనాల దగ్గర, మర్యాద కొద్దీ తలకాయ ఆయన ముందు పెట్టాం. నవ్వుతూ కత్తి అందుకున్నవాడు ఆ నుదురు చూసి ఆగిపోయాడు. గొర్రెల మధ్య పుట్టి పెరిగిన మనిషికి ఎవరు చెప్పాలి? నావైపు తిరిగి నెమ్మదిగా అడిగాడు. మీరిమ్ తల వంచుకునే చెప్పింది. "నీకు తెలుసు కదా, అంటున్నారు."

"తెలుసు."

"నాకు రొట్టె సరిపోయేది, అంటున్నారు."

నాకు తల కొట్టేసినట్టయింది. పెద్దాయన ఆ తలకాయ చెవి కోసి, మేం నేర్పినట్టే పిల్లలకు పంచి, తన వంతు చివరిదాకా తిన్నాడు. మమ్మల్ని చిన్నబుచ్చకూడదని ప్రతి ముక్కా మింగుతుంటే నేను చూస్తూ కూర్చున్నాను. తెల్లారి జీపు ఎక్కే ముందు నన్ను కౌగిలించుకున్నాడు. చెంప పగలగొట్టినా బాగుండేది.

ఆ నవంబరులో పక్క ఊరి ముతక ఉన్ని పొట్టేలును అడిగి తెచ్చుకున్నాం. ఐదిళ్లలో ఒక్కరూ నన్ను పల్లెత్తు మాటనలేదు. పైగా చుట్టుపక్కల ఊళ్లలో నా పేరు మారుమోగింది, చుట్టాన్ని ఆదరిస్తే ఎసెంకుల్ లాగా ఆదరించాలని. వింటుంటే ఒంటి మీద తేళ్లు పాకినట్టుండేది.

రెండేళ్లకు ఆ మందలో పుట్టినవాటి ఉన్ని కత్తిరించి సైరకన్ వదిన వాటా ఇవ్వడానికి వెళ్లాను. పిడికెడు తీసి వేళ్ల మధ్య నలిపింది. గరగరలాడింది. మళ్లీ నలిపింది.

"ఇది శాలువాకు రాదులే. గుర్రాలకు తాళ్లు పేనుకుంటాను" అంది. నా మొహం చూసి జాలిపడి, "దిగులెందుకు మరిదీ? చుట్టం కడుపు నిండా తిని వెళ్లాడు. మన పరువు నిలబెట్టావు" అంది.

ఎత్తిపొడుపు కాదు, మెచ్చుకోలే. నేను తలెత్తలేకపోయాను.