ఎడమకు తిరగని బండి

ఇస్నాపూర్ సడక్ మీద జంగయ్య మోటర్ సైకిళ్ల రిపేరు దుకాణం తెరిచి ఇంకా నెల కాలేదు. ఇరవై ఏళ్లు నాగలి పట్టినవాడు, ఉన్న ఒక్క జత ఎడ్లనూ అమ్మి పానాలు కొనుక్కున్నాడు. ఎదురుగా చాయ్ కాచే పెద్దరాములుది రోజూ ఒకటే పాట. "ఎడ్లు తోలెటోనికి మోటర్ సైకిళ్లేం తెలుస్తయే?" జంగయ్య పైకి నవ్వేవాడు గానీ లోపల భయమే. దుకాణం నడవకపోతే అమ్మిన ఎడ్లు మళ్లీ రావు.

అలాంటప్పుడు దొరికాడు నరసరాజు. భీమవరం వైపు మనిషి, ఫ్యాక్టరీలో స్టోర్స్ గుమాస్తా. వంగి నడిపితే నడుం పట్టేస్తోందని తన బండికి ఎత్తు హ్యాండిల్ కొని తెచ్చాడు. పని నచ్చితే తన షిఫ్టు వాళ్లందరినీ ఇక్కడికే పంపుతానన్నాడు. జంగయ్య ప్రాణం పెట్టి బిగించాడు, పొడుగు వైర్లు వేశాడు. వేలాడితే మొరటుగా కనిపిస్తుందని, ఇంజను వేగం పెంచే రేసు వైరులో మిగిలిన పొడుగును ట్యాంకు కిందికి లాగి పెళ్లికూతురి జడలా బిగించి కట్టాడు.

మూడో రోజు నరసరాజు చెమటలు కక్కుతూ వచ్చాడు.

"బండి భేషుగ్గా ఉందండి జంగయ్య గారూ. కాకపోతే ఎడమకి తిప్పితే చాలు, రేసు దానంతటదే పెరిగిపోతోంది! రెండ్రోజుల్నుంచి కుడి మలుపులు వెతుక్కుంటూ ఊరంతా చుట్టి డ్యూటీకి వెళ్తున్నానండి."

పెద్దరాములు చాయ్ గిన్నె దించి మరీ నవ్వాడు. జంగయ్యకు తల కొట్టేసినట్టయింది. వైరుకు నూనె పోశాడు, కార్బొరేటర్ విప్పి తుడిచాడు. లాభం లేదు. హ్యాండిల్ నిటారుగా ఉంటే ఇంజను బుద్ధిగానే ఉంటోంది, ఎడమకు తిప్పితే గీపెడుతోంది.

అప్పుడే అన్నం గిన్నెతో వచ్చింది భార్య బీరమ్మ. కాసేపు నిలబడి చూసింది.

"జెర మళ్ల తిప్పు. ఆఁ, సూడు, కుడి దిక్కు వైరు ఎట్ల గుంజుకుంటున్నదో! ఎడ్లను ఎడమకు, దాపటికి మలిపేటప్పుడు కుడి దిక్కు ఎలపటి పగ్గం ఇడుస్తుంటివా, పట్టుకుంటుంటివా?"

"ఇడుస్తుంటి."

"మరి గిదేంది? పగ్గాన్ని ఊపిరాడకుంట కట్టేసి మలుగుమంటే ఎట్ల మలుగుతది?"

జంగయ్య నుదురు కొట్టుకుని పకపకా నవ్వాడు. కట్లన్నీ కోసేశాడు. ట్యాంకు కింద దాచిన వైరును ముందుకు వదిలి, హ్యాండిల్ మెడ పక్కగా, ఎక్కడా నలగకుండా తెచ్చాడు. ఎడమకు కొసదాకా తిప్పి చూశాడు, తర్వాత కుడికి. ఆ తర్వాతే వదులుగా కట్టు వేశాడు.

నరసరాజు బండెక్కి పక్కన ఖాళీ జాగాలో ఎడమకు తిప్పాడు. ఇంజను గొంతు పెంచలేదు. ఇంకో చుట్టు తిరిగాడు, మరో చుట్టు తిరిగాడు. "తిరిగిందండోయ్!" అని కేకలు పెడుతూ ఆపకుండా ఎడమకే తిరుగుతున్నాడు. జంగయ్యకు సంతోషం పట్టలేక కళ్లు చెమర్చాయి. "దాపట! దాపట!" అని ఎడ్లను అదిలించినట్టే అరిచాడు.

పెద్దరాములు తానే రోడ్డు దాటి చాయ్ తెచ్చి అతని చేతిలో పెట్టాడు.

"ఎడ్లను అమ్మిన గని పెద్దరాములూ, పగ్గం పట్టుడు అమ్మలే!" అన్నాడు జంగయ్య, ఛాతీ విరుచుకుని.

బీరమ్మ గిన్నె మూత తీసింది.

"అమ్మలే, మర్సినవ్. ఇగ తిను."